వంగని మోకాలు, మొక్కిన మొక్కు

ఆ గురువారం ఉదయం కౌసల్యమ్మ మనసులో వేసుకున్న ఏర్పాటు గంగిగోవు వలె సాధువైనది. దీపారాధన ముగించడం, భర్త సత్తయ్యకు ఉప్మా పెట్టడం, పదకొండు గంటలకు కొడుకు శేఖరు కారులో ఆయనను శంషాబాదులోని మోకాళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకొని పోవడం. ఆ డాక్టరు గురువారం గురువారం విశాఖపట్నం నుంచి విమానంలో దిగే ఘనుడు. ఆకాశమార్గాన వచ్చే వైద్యుడికి భూమ్మీద నడవలేని మోకాళ్ళు ఒక లెక్కా అని ఆమె ధైర్యం.

సత్తయ్య మోకాళ్ళు వంగడం మానుకొని ఏడాది అవుతున్నది. మానుకున్నాయో, మాన్పించారో అన్నది తరువాత తేలిన సంగతి. కిందటేడు ఒకనాడు పీట మీద నుంచి లేస్తూ ఆయన ఒక్కసారి మూలిగాడు. అంతే. సూత్రం ఒక్కటే, దానికి కౌసల్యమ్మ వ్రాసిన భాష్యం మాత్రం ఇల్లంతా పరచుకున్నది. మెట్లెక్కరాదు, సైకిలు తొక్కరాదు, చెట్లకు నీళ్ళు పోయరాదు, నేల మీద కూర్చోరాదు. వసారాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఆయనకు సింహాసనమైంది. ఉదయం ఒక్క చాయ్ హోటలు దాకా, చేతికర్రతో, మెల్లగా పోయి వచ్చే అనుమతి మాత్రం మిగిలింది.

అక్కడితో ఆగక ఆమె చిలుకూరు వెళ్ళి, ఆనవాయితీ ప్రకారం పదకొండు ప్రదక్షిణలు చేసి, "స్వామీ, ఆయన మోకాలు వంగిందంటే నూట ఎనిమిదీ నేనే తిరుగుత" అని మొక్కుకున్నది. నిజానికి ఆమె మోకాళ్ళు కూడా అంత చెప్పుకోదగినవి కావు. అయినా నిశ్చింతగానే మొక్కింది. భగవంతుని మీద ఆమెకు ఎంత నమ్మకమో, డెబ్బయ్యవ ఏట పడబోతున్న మోకాలి మీద అంత అపనమ్మకం.

డాక్టరు దగ్గరకు కట్టుకొని పోదామని ఆమె పెట్టె తెరిచింది. కుంకుమరంగు పట్టుచీర లేదు.

"పూర్ణిమా, నా పట్టుచీర ఏడవెట్టినవే?"

"నాకేమెరుక అత్తమ్మా?" అన్నది వంటింట్లో నుంచి కోడలు. "మొన్న బాపు పెట్టె సదురుతుండె. మీకు వంగరాదు గద, నేను సదురుత అంటే, నిలవడే సదురుత తియ్ అన్నడు."

కౌసల్యమ్మ చేయి పెట్టె మూత మీదనే నిలిచిపోయింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ మహానుభావుడు తన పంచె తాను మడిచిన దాఖలా లేదు. ఏదో తోచి పూజగదిలోకి పోయి కుంకుమ భరిణె పక్కనున్న చిన్న డబ్బీ విప్పింది. ముత్యపుటుంగరం కూడా లేదు.

అనుమానం చింతచిగురు వంటిది. ఒక కొమ్మకు కనబడిందంటే మరునాటికి చెట్టంతా అదే. నెల రోజులుగా చూసీ చూడనట్టు విడిచిన సంగతులన్నీ ఆమె కళ్ళ ముందు ఒక్కసారిగా చిగురించాయి. వారానికొకసారి గడ్డం గీసుకొనే మనిషి దినమూ గీసుకొంటున్నాడు. చాయ్ తాగి వచ్చే మనిషి చెమటతో వస్తున్నాడు. స్నానాల గదిలో కూనిరాగాలు. నిన్న సాయంత్రం చెవి వెనుక ఎర్రని మరక. అడిగితే "దేవుని బొట్టు" అన్నాడు. చెవి వెనుక బొట్టు పెట్టే దేవుడెవరో ఏ పురాణంలోనూ ఆమె వినలేదు.

ఇంతలో పక్కింటి యేసమ్మ గోడ మీదుగా తల పెట్టి కరివేపాకు అడిగింది.

"కరివేపాకు సంగతి తర్వాత గానీ, మీ అన్నను చూసినవా?" అన్నది కౌసల్యమ్మ.

"చూడకేమి వదినా! పొద్దుగాల్నే మోరీ దుంకి కుర్మయ్య స్కూటర్ ఎక్కిండు."

"అంత పెద్ద కాలువ దుంకుడేంది? ఆయనకు గడప దాటుడే కష్టం."

"దుంకిండంటే దుంకిండు. చేతికర్ర సంకల వెట్టుకొని, లేడిపిల్ల లెక్క. ప్రార్థనకు పోయెటోళ్ళం వదినా, అబద్ధమాడుతమా?"

"ఎటు వోయిండ్రు?"

"మంఖాల్ తొవ్వకు."

కుర్మయ్య సత్తయ్యకు చిన్ననాటి జతగాడు. భార్య పోయి చాలా కాలమైంది. వంశానికే ఆభరణమన్నట్టు పెంచుకొన్న మీసాలను ఆయన ఈ మధ్యనే నున్నగా గొరిగించుకొన్నాడు. ఎందుకని ఊరంతా అడిగింది, ఎవ్వరికీ చెప్పలేదు. ఆడతోడు లేని స్నేహితుడు, మాయమైన పట్టుచీర, కానరాని ఉంగరం. దీనికి ఇంకేమి వ్యాఖ్యానం కావాలి? ఇన్నేళ్ళ కాపురం, మనుమలు పుట్టిన తరువాత, ఒక స్కూటరు వెనుక కూర్చొని మంఖాల్ దారిన పోతున్నదని ఆమెకు అర్థమైంది. డాక్టరు మాట, మోకాళ్ళ మాట ఆమె మనసులో అడుగున పడిపోయాయి.

కానీ కన్నకొడుకుతో ఆ మాట ఏ నోటితో చెప్పడం? విమానాశ్రయం దగ్గర టాక్సీ నడిపే శేఖరుకు ఫోను చేసి, "మీ బాపు జాడ లేదు. జల్ది రా" అని మాత్రం అన్నది. ఆ పొదుపే కొంప ముంచింది. 'జాడ లేదు' అన్న మాటను శేఖరు తోటి డ్రైవరు కొండల్‌కు అప్పగించాడు. కొండల్ దానిని 'యాదిమరుపు వచ్చి తప్పిపోయిండట' అని పెంచి టాక్సీల వరుసలో వదిలాడు. ఇటు యేసమ్మ ఊరుకొన్నదా? "తప్పిపోయిన గొర్రె కోసం ప్రార్థన చెయ్యాలె" అని తమ కూడికలోని ఆడవాళ్ళందరికీ కబురు పెట్టింది. విమానాశ్రయం వచ్చిన ఈ మూడేళ్ళలో ఆ ప్రాంతంలో ఏ విమానమూ ఆ వదంతి అంత వేగంగా పైకి లేవలేదు.

శేఖరు వచ్చేసరికి కారు ముందు సీటులో నల్లకోటు, కళ్ళజోడు, ఒళ్ళో పెట్టెతో ఒక పెద్దమనిషి ఉన్నాడు.

"ఎవలురా ఈయన?" అన్నది కౌసల్యమ్మ, యేసమ్మతో సహా వెనుక సీటు ఎక్కుతూ.

"సవారీ అమ్మా. అప్పుడే ఎక్కించుకున్న. సార్, జర అయిదు నిమిషాలు. మా బాపు తప్పిపోయిండు."

"అయ్యో, పాపం. అలాగేనండీ," అన్నాడు ఆయన కోస్తా మర్యాదతో. "కాకపోతే నాకు పదకొండు గంటలకు ఇక్కడే శంషాబాదులో..."

"మాకు గూడ పదకొండుకే డాక్టర్ ఉన్నడు సారూ! ఇగ ఎవల డాక్టర్, ఎవల పదకొండు? నా సంసారమే గిట్లున్నది!" అన్నది కౌసల్యమ్మ. పెద్దమనిషి పెట్టెను గట్టిగా పట్టుకొన్నాడు.

తుక్కుగూడ దాటుతుండగా కొండల్ ఫోను వచ్చింది. శేఖరు అందరికీ వినబడేటట్టు పెట్టాడు.

"అన్నా, బాపు దొరికిండు! మంఖాల్ తొవ్వల సగం కట్టి ఆపిన ఫంక్షన్ హాల్ లేదా, గాడ. మంచిగనే ఉన్నడు, చాయ్ తాగుతున్నడు. పక్కకు ఒకామె ఉన్నది."

"ఎవలు రా ఆమె?"

"మొకం అటు దిక్కున్నది. కుంకుమరంగు పట్టుచీర."

యేసమ్మ కళ్ళు మూసుకొని ప్రార్థన అంశాన్ని మౌనంగా మార్చుకొన్నది. "మీరు ధైర్యంగా ఉండాలండీ," అన్నాడు ముందు సీటు పెద్దమనిషి, అడగకపోయినా.

కొండల్ కబురు ముందే పాకడంతో హాలు ముందర అప్పటికే మూడు టాక్సీలు, ఒక ఆటో నిండా ప్రార్థన చేసే ఆడవాళ్ళు చేరి ఉన్నారు. కౌసల్యమ్మ కారు దిగింది. పిట్టగోడ లేని ఆ మెట్లను కొడుకు చేయి కూడా పట్టుకోకుండా గబగబ ఎక్కింది. ఆ సంగతి ఆమె గమనించలేదు. పెట్టె పెద్దమనిషి మాత్రం గమనించాడు.

తలుపు బిగించని గుమ్మంలో నుంచి ఆమె చూసిన దృశ్యం ఇది. సిమెంటు బస్తా మీద ఒక స్త్రీ అలిగి అటు తిరిగి కూర్చొని ఉన్నది. ఒంటి మీద కౌసల్యమ్మ పట్టుచీర. ఆమె ముందు సత్తయ్య, బుగ్గలకు ఎర్రరంగు, నడుముకు జరీ కండువా, కుడి మోకాలు నేలకు ఆనించి, రెండు వేళ్ళతో ముత్యపుటుంగరం ఎత్తి పట్టుకొని ఉన్నాడు.

సరిగ్గా ఆ క్షణాన ఒక విమానం హాలు కప్పును గీరుతున్నంత దగ్గరగా పోసాగింది.

కౌసల్యమ్మ అరవడం మొదలుపెట్టింది. పెళ్ళినాటి పల్లకి నుంచి ఆనాటి ఉప్మా దాకా ఏదీ విడువలేదు. చేతులు తిప్పింది, గుండె బాదుకొన్నది, కొంగుతో ముక్కు చీదింది. ఒక్క అక్షరమైనా ఎవ్వరికీ వినబడలేదు. అంతకంటే విడ్డూరం, సత్తయ్య కదలలేదు. ఉంగరంతో, మోకాలితో, చిరునవ్వుతో బొమ్మవలె అట్లాగే ఉండిపోయాడు. సిమెంటు బస్తా మీది స్త్రీ కూడా కదలలేదు. గోడవారగా చేతుల్లో చిరుతలనే తాళపు చెక్కలు పట్టుకొని నిలిచిన నలుగురు ముసలివాళ్ళూ కదలలేదు.

విమానం దాటిపోయింది. అప్పటికి కౌసల్యమ్మ దగ్గర మాటలన్నీ అయిపోయాయి. ఒక్కటే మిగిలింది.

"నీ మోకాలు... వంగిందా?"

సిమెంటు బస్తా మీది స్త్రీ ఇటు తిరిగింది. నున్నగా గొరిగిన ముఖాన ఇంత బొట్టుతో కుర్మయ్య. "వదినా, చీరకు మరక గానియ్యలే. కొంగు గూడ కింద వడనియ్యలే, ఒట్టు!" అన్నాడు.

సత్తయ్య లేచాడు. చేతికర్ర లేకుండా లేచాడు. "ఏమనకే కౌసల్యా. భాగోతం ఆడుతున్నం. ఈ జాతరకు మళ్ళ మేళం గట్టినం. నేను రాజు, వీడు అలిగిన రాణి. మనం ఆడే జాగంత విమానాల గోడ లోపటికి వోయె. ఇగ ఈడనే నేర్చుకుంటున్నం. విమానం వస్తే ఎక్కడోళ్ళం అక్కడ నిలవడాలె, అది మా కట్టుబాటు. లేకుంటే పాట ఇనవడదు."

"నాకు చెప్తే ఏమాయె?"

"చెప్తే కుర్సీకి కట్టేస్తవు. ఏడాది సంది లేస్తే తప్పు, వంగితే తప్పు. కూసుండి కూసుండి నేనే కుర్సీ అయిన. ఒకనాడు వీడు చేతుల చిరుతలు వెట్టిండు. కాళ్ళు వాటంతటవే ఆడినయే. నేను గాదు, అవే!"

"మరి ఇంట్ల నెలదినాల సంది కుంటుడేంది?"

"అది గూడ వేషమే," అన్నాడు సత్తయ్య నిట్టూర్చి. "రాజు వేషం కంటె అదే కష్టమయితున్నది."

శేఖరు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. ఆటోలో వచ్చిన ఆడవాళ్ళు వంగిన మోకాలిని తమ కళ్ళతో చూశారు గనుక స్తోత్రం మొదలుపెట్టారు. "చూసినవా వదినా! మేము ప్రార్థన మొదలువెట్టినమో లేదో, మా దేవుడు ఇన్నడు," అన్నది యేసమ్మ.

కౌసల్యమ్మ చీర విషయంలో ఓర్చుకొన్నది. ఉంగరం విషయంలోనూ ఓర్చుకొన్నది. ఇది మాత్రం ఓర్చుకోలేకపోయింది. "మీరు ఇయ్యాల మొదలువెట్టిండ్రు. నేను ఏడాది కింద్నే చిలుకూరు స్వామికి మొక్కిన! ఈ మోకాలు నా స్వామి వంచిన మోకాలు. వంగితే నూట ఎనిమిది నేనే తిరుగుత అని..."

అక్కడ ఆగింది. కానీ మాట గుమ్మం దాటిపోయింది. మూడు టాక్సీల డ్రైవర్లు, ఒక ఆటో నిండా భక్తురాండ్రు, నలుగురు చిరుతల ముసలివాళ్ళు, ఒక రాజు, ఒక రాణి దానికి సాక్షులైనారు.

"నూట ఎనిమిదా!" అన్నాడు సత్తయ్య మెల్లగా. ఆయన ముఖంలో మెరిసినది జాలి మాత్రం కాదు.

అప్పుడు పెట్టె పెద్దమనిషి గొంతు సవరించుకొన్నాడు. "క్షమించాలండీ. పదకొండు గంటలకు నాకు సత్తయ్యగారనే మోకాళ్ళ పేషెంటు ఉన్నారు, వీరేనా? ఇందాక కారులో అదే చెప్పబోయాను." అక్కడికక్కడే సత్తయ్యను సిమెంటు బస్తా మీద కూర్చోబెట్టి, రెండు మోకాళ్ళూ వంచి, చాపి, నొక్కి చూశాడు. "వయసుకు తగ్గ అరుగుదల ఉంది, అంతేనండీ. ఈ ఆటే వీటికి మందు. అసలు కదలొద్దని వీరికి ఏ డాక్టరు చెప్పారు?"

అందరూ కౌసల్యమ్మ వైపు చూశారు. ఆ సమయానికి ఒక్క విమానమైనా రాలేదు.

శనివారం చిలుకూరులో ఆమె మొక్కు చెల్లించింది. సత్తయ్య పక్కనే నడిచాడు. అడుగు తడబడినప్పుడల్లా నాలుక కొసన చిరుతల దరువు వేస్తూ, "రాజుగారి దేవేరి నడక గిట్లనేనా?" అని ఎత్తిపొడిచాడు. ఆమె తిట్టింది. తిడుతూనే నడిచింది. చివరి ప్రదక్షిణ వచ్చేసరికి తిట్లు ఏ క్షణాన మానిందో, ఏ క్షణాన ఆయన దరువుకు అడుగు కలిసిందో ఆమెకే తెలియదు. ధ్వజస్తంభం దగ్గర కూర్చొని, కాళ్ళు చాపుకొని, చిన్నపిల్లవలె ఫక్కున నవ్వింది. తిరిగి లేవడానికి మాత్రం ఇద్దరు పట్టవలసి వచ్చింది.

మరుసటి గురువారం పదకొండు గంటలకు అదే డాక్టరు. రోగి పేరు మాత్రం మారింది. ఆయన ఆమె మోకాళ్ళు చూసి, తాను మొన్న హాలు మెట్ల మీద చూసినదే నిజం, ఇవి నడిచే మోకాళ్ళేనని నవ్వుకొని, దినమూ ఉదయం నడవాలని చీటీ వ్రాసి ఇచ్చాడు.

ఎక్కడికి నడవాలో ఆయన వ్రాయలేదు గనుక, కౌసల్యమ్మ దినమూ మంఖాల్ దారినే నడుస్తున్నది. ఎంత కుర్మయ్యే అయినా, ఆ చీరలో రాణి కాస్త అందంగానే ఉన్నది మరి.