స్నేహం పీరియడ్‌లో నోరు మెదపరాదు

పిల్లలకి స్నేహం నేర్పాలంటే ముందు వాళ్లని ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోనివ్వకూడదు!

నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను.

మాట్లాడుకోనిస్తే ఏమవుతుంది? ఒకడు పెన్సిలు అడుగుతాడు. ఇచ్చినవాడు మొన విరగ్గొట్టావంటాడు. తీసుకున్నవాడు అది ముందే విరిగిందంటాడు. మధ్యాహ్నానికి జుట్లు పట్టుకుంటారు, సాయంత్రానికి భుజాల మీద చేతులేసుకుని ఇళ్లకి పోతారు. ఇదీ ఒక స్నేహమేనా? దీనికో పద్ధతుందా? పాఠ్యప్రణాళిక ఉందా? పోనీ, దీనికి మార్కులెలా వేస్తారో చెప్పండి!

అందుకే మా చిన్నమ్మాయి టీచరుగా ఉన్న బడిలో 'ప్రపంచ స్నేహ పఠనం' అని కొత్త పీరియడ్ పెట్టారని వినగానే నా మనసు కుదుటపడింది. పిల్లలు చెడిపోకుండా కనిపెట్టుకుని ఉండే మనుషులు ఇంకా ఉన్నారన్నమాట!

ఆ పుణ్యం కట్టుకున్నది ఆ బడి పెద్దమేడం గారు. ఆవిడ ఎక్కడో సెమినార్‌కి వెళ్లారు. నానా దేశాల పిల్లల కథలు, నానా రంగుల పిల్లల స్నేహాలు క్లాసులో చదివిస్తే వాళ్ల మనసులు విశాలమవుతాయని అక్కడెవరో చెప్పారు. ఆవిడ వెంటనే ఒక పెద్ద పెట్టె నిండా కథల పుస్తకాలు తెప్పించారు. ఎడారి పిల్లలవి, దీవుల్లో పిల్లలవి, చెట్ల మీద ఇళ్లు కట్టుకున్న పిల్లలవి. బంగారంలాంటి పుస్తకాలు. మాసిపోతాయని వాటి అట్టల మీది ప్లాస్టిక్ తొడుగులు మాత్రం తియ్యనివ్వలేదు.

మరి పీరియడ్ ఎక్కడిది? ఆటల పీరియడ్ ఉంది కదా! బయట పరిగెత్తి మోకాళ్లు చెక్కుకునే బదులు లోపల కూర్చుని మనసులు విశాలం చేసుకుంటే పోలా?

పద్ధతి కూడా ఆవిడే కనిపెట్టారు. ఎడమచేతి వేలు పెదాల మీద. కుడిచేతి వేలు పుస్తకం మీద. టీచరు చప్పట్లు కొడితే క్లాసంతా ఒక్కసారి పేజీ తిప్పాలి. ముందే చదివేసినవాడు గోడ చూస్తూ కూర్చోవాలి. వెనకబడ్డవాడు ఆ పేజీకి నమస్కారం పెట్టి ముందుకు పోవాలి. బెల్లు కొట్టగానే పుస్తకాలన్నీ మళ్లీ పెట్టెలోకి. మర్నాడు ఇంకో పుస్తకం. ఒక మంచుదేశం పిల్ల, ఒక ఇసుకదేశం పిల్లాడు వానలో ఒకే గొడుగు కింద నిలబడి పడవ కోసం ఎదురుచూసే కథ ఒకటుందట. పడవ వచ్చిందో లేదో ఆ క్లాసులో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలియకపోతే ఏం? మనసు విశాలమైందా లేదా?

పీరియడ్ జరుగుతుండగా పెద్దమేడం వరండాలో తిరుగుతుండేవారు; ఎవరైనా కిసుక్కుమంటే గుమ్మంలో నిలబడి ఒక చెయ్యి నడుం మీద పెట్టి, ఇంకో చేత్తో కళ్లజోడు పైకి తోసుకుని, "ష్! మాట్లాడకండి! స్నేహం గురించి చదువుతున్నాం!" అనేవారు. రోజుకి ఎన్నిసార్లన్నది వాళ్లూ వీళ్లూ ఎవరూ లెక్కపెట్టలేదు.

నిశ్శబ్దం విలువ నాకు తెలిసినట్టు మీకు తెలియదు. నేను చదివింది పల్లెటూరి బడి. మా మేష్టారు "నిశ్శబ్దం!" అని అరిస్తే పిల్లలే కాదు, చూరులో పిచ్చుక కూడా గుడ్డు పెట్టబోతున్నది పెట్టబోతున్నట్టే ఆపేసేది. ఒక పిచ్చుక అలా ఆపుకున్న గుడ్డుని వేసవి సెలవులిచ్చాక పెట్టింది. నమ్మకపోతే మానెయ్యండి. సాక్ష్యానికి పిలుద్దామంటే ఆ పిచ్చుక ఇప్పుడు లేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. పేర్లు రాయనని మా చిన్నమ్మాయి నా చేత ఒట్టు వేయించుకుంది కాబట్టి పేర్లుండవు. సర్దుకుపోండి.

దాని క్లాసులోకి ఏడాది మధ్యలో ఒక కొత్తపిల్ల వచ్చింది. వాళ్ల నాన్న వంతెన కట్టే చోట క్రేను నడుపుతాడు. వంతెన ఎక్కడుంటే వాళ్ల ఇల్లు అక్కడ. ఆ పిల్ల భాష వేరు, ఈ బడిలో మన భాష మాట్లాడతారు. మన భాషలో ఒక్క ముక్క రాదు. ఎవరేమన్నా పెద్ద పెద్ద కళ్లతో చూసి ఊరుకుంటుంది.

పెద్దమేడం ఆలోచించి ఒక తీర్మానానికి వచ్చారు. నెలాఖరులోగా మన భాషలో ఒక్క వాక్యం చెబితే సరి. లేకపోతే కింద శిశుతరగతిలో, ముక్కులు చీదుకునే చంటిపిల్లల పక్కన కూర్చోబెడతారు.

మా చిన్నమ్మాయి గుండెల్లో రాయి పడింది. ఆ పిల్ల లెక్కల్లో క్లాసుకే ముందుంది. తీసుకెళ్లి అఆల దగ్గర పడేస్తే ఇంకేమైనా ఉందా? అలా పడేసినా అదేమిటని అడగడానికి దానికి మాటే లేదాయె!

మా అమ్మాయి వెళ్లి పెద్దమేడంతో అంది: "మేడం, పిల్లలు దానితో మాట్లాడితేనే కదా దానికి భాష వచ్చేది? ఆటల పీరియడ్ ఒక్కటి వెనక్కి ఇచ్చెయ్యండి."

"అంతా మాట్లాడుకుంటూ కూర్చుంటే స్నేహం గురించి చదివేదెప్పుడమ్మా?" అన్నారు పెద్దమేడం.

చూశారా, ఎంత సూటి ప్రశ్నో! మా అమ్మాయి ఇంటికొచ్చి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆ కోపమంతా వాటి మీద చూపించింది.

"నాన్నా, నవ్వకు. ఆ పిల్లని తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు."

"నవ్వట్లేదే తల్లీ. మీ పెద్దమేడం పక్షాన ఆలోచిస్తున్నాను."

"నువ్వు ఎవరి పక్షాన ఆలోచించినా వాళ్ల పరువే పోతుంది. కాయలు ఇటివ్వు."

అదే క్లాసులో ఇంకో పిల్ల ఉంది. దాన్ని అందరూ 'రేడియో' అంటారు. నిద్రలో కూడా ఆగదట. టీచర్లకి ఒక పాత కిటుకు ఉంటుంది: వాగుడుకాయని తీసుకెళ్లి జవాబు చెప్పనివాళ్ల పక్కన కూర్చోబెట్టడం. అవతలినుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఎంత వాగుడైనా దానంతటదే ఎండిపోతుందని లెక్క. ఆ లెక్కతోనే మా చిన్నమ్మాయి రేడియోని కొత్తపిల్ల పక్క బెంచీలో వేసింది.

అక్కడే బోల్తా పడింది!

స్నేహం పీరియడ్ అంటే రేడియోకి ప్రాణసంకటం. పెదాల మీద వేలుంది. కానీ మాట లోపల ఊరుతూనే ఉంటుంది కదా, ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. కనుబొమ్మల్లోంచి వచ్చింది. ముక్కుపుటాల్లోంచి వచ్చింది. బుగ్గలు పూరించి కళ్లు తిప్పితే పెద్దమేడం వస్తున్నారని. చెవి లాక్కుంటే ఈ కథ బోరని.

కొత్తపిల్ల చూసింది. తనూ బుగ్గలు పూరించింది.

మాట రాని చోట మొహంతో నెట్టుకురావడం దానికి అప్పటికే అలవాటు. ఈ విద్యలో రేడియో దాని ముందు ఒకటో తరగతి! గొడుగు కథ చదివిన రోజున కొత్తపిల్ల బొమ్మ చూపించి, రెండు అరచేతులూ నెత్తి మీద గొడుగులా కలిపింది. 'నా పక్కకి రా' అని. వారం తిరక్కుండా క్లాసంతా గొడుగులే. అందరి నోళ్లూ మూసేసరికి అందరూ కొత్తపిల్లలే అయిపోయారు మరి!

మా చిన్నమ్మాయి ఇదంతా చూసింది. రూలు ప్రకారం కసరాలి. అది ఏం చేసిందో తెలుసా? వెనక్కి తిరిగి, శుభ్రంగా ఉన్న బోర్డుని మళ్లీ తుడవడం మొదలెట్టింది.

అయితే పెద్దమేడం అడిగింది వాక్యం. కనుబొమ్మలతో చెప్పిన వాక్యం పనికి రాదు కదా! నెలాఖరు రానే వచ్చింది.

పెద్దమేడం క్లాసులోకి వచ్చారు. కొత్తపిల్లని లేపారు.

"మన భాషలో ఒక్క వాక్యం చెప్పమ్మా."

కొత్తపిల్ల పెదాల మీద వేలు పెట్టుకుని నిలబడింది. ఈ బడిలో దానికి నేర్పింది అదే.

"ఏదైనా సరే. చిన్నదే చెప్పు."

వేలు కదల్లేదు. మా చిన్నమ్మాయి చేతిలో డస్టరు పిండిపిండి అవుతోంది.

పెద్దమేడం నిట్టూర్చారు. ఆవిడకీ బాధగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. "సంచీ తీసుకో తల్లీ" అని సంచీ వైపు చెయ్యి చూపించారు. చెయ్యి చూపిస్తే అర్థం కాకపోవడమేముంది? కొత్తపిల్ల వంగి సంచీ అందుకుంది.

అప్పుడు రేడియో లేచింది. రెండు చేతులూ నెత్తి మీద పెట్టి గొడుగు పట్టింది. వెనక బెంచీ లేచింది. కిటికీ పక్క వరస లేచింది. క్లాసంతా గొడుగులు! బెంచీలు కిర్రుమన్నాయి, ఒకడి నీళ్ల సీసా దొర్లి పడింది, ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో పగలబడ్డారు, గదంతా గోల.

పెద్దమేడం అరవడానికి ఊపిరి తీసుకున్నారు.

ఆవిడ నోరు తెరిచేలోపు కొత్తపిల్ల సంచీ కింద పెట్టింది. ఒక చెయ్యి నడుం మీద వేసుకుంది. లేని కళ్లజోడు పైకి తోసుకుంది.

"ష్! మాట్లాడకండి! స్నేహం గురించి చదువుతున్నాం!"

అదే గొంతు. అదే విరుపు. 'ష్' తర్వాత ఆగే ఆ కాస్త ఆగడం కూడా అదే!

మా పిచ్చుక బతికి ఉంటే ఆ క్షణాన ఇంకో గుడ్డు ఆపుకునేది. గదిలో అంత నిశ్శబ్దం! మా చిన్నమ్మాయి బోర్డు వైపు తిరిగిపోయింది. భుజాలు మాత్రం అదురుతూనే ఉన్నాయట.

పెద్దమేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"నేను ఒక్కటే అడిగాను, రెండు చెప్పింది" అన్నారు చివరికి. "ఉచ్చారణ కూడా బాగుంది. ఇక్కడే కూర్చోబెట్టండి."

కథ ఇక్కడితో అయిపోయిందనుకుని కళ్లు తుడుచుకుంటున్నారా? తొందరపడకండి.

"ఇంతకీ ఆ చేతులేమిటి?" అని అడిగారు పెద్దమేడం. రేడియో సంగతి తెలిసిందే కదా, మొత్తం చెప్పేసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఎంత గొప్ప యాక్టివిటీ! సోమవారానికల్లా గొడుగు సిలబస్‌లో చేరిపోయింది! గోడకి చార్టు వచ్చింది. వర్క్‌షీటు వచ్చింది: 'గొడుగు పట్టునప్పుడు మోచేతులు ఏ ఎత్తున ఉండవలెను?' పీరియడ్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, చప్పట్లు కొట్టగానే అందరూ తప్పనిసరిగా గొడుగు పట్టాలి. ఇళ్ల దగ్గర తల్లిదండ్రులు ప్రాక్టీసు చేయిస్తున్నారు. మా వాడి గొడుగుకి మార్కులెందుకు తగ్గాయని ఒక తండ్రి టై కట్టుకుని మరీ వచ్చి అడిగి వెళ్లాడు.

ఫలితం? గొడుగు చచ్చిపోయింది. మార్కులకి తప్ప ఏ పిల్లా ఏ పిల్ల కోసమూ చేతులెత్తడం లేదు.

అయితే మా చిన్నమ్మాయి మొన్న ఒకటి కనిపెట్టింది. రెండు చేతులూ నెత్తి మీదికి పోతే పెదాల మీద వేలుండదు! పైగా మోచేతులు నోటికి అడ్డం. ఆ చాటున క్లాసంతా గుసగుసలు. కొత్తపిల్ల మన భాష రేడియో అంత వేగంగా వాగుతోందట. రేడియో దాని భాషలో తిట్లన్నీ నేర్చుకుని కొత్తపిల్ల చేత ఉచ్చారణ దిద్దించుకుంటోందట. క్లాసులో ఇప్పుడు రెండు స్టేషన్లు. మా అమ్మాయి పాపం రోజంతా బోర్డు తుడుస్తోంది.

కాబట్టి పెద్దమేడం గారికి నా విన్నపం. ఆ గుసగుసల్ని దయచేసి సిలబస్‌లో చేర్చకండి. గట్టిగా నిషేధించండి! మీరు మాట వద్దంటే ఆ నిశ్శబ్దంలోంచి పిల్లలు గొడుగు పుట్టించారు, గొడుగు పట్టమంటే దాని కింద మాటలు పుట్టించారు. వాళ్లకి మనం నేర్పాలని కూర్చున్నప్పుడల్లా వాళ్లు ఇంకో సందులోంచి నేర్చేసుకుంటున్నారు. మనమే ఆ సందు కనపడగానే పరిగెత్తుకెళ్లి చార్టు అంటిస్తున్నాం.

ఆ కథల పెట్టె ఉంది చూశారూ, దానికి పెద్ద తాళం వేయించండి. 'పిల్లలు ముట్టరాదు' అని ఎర్రరంగుతో రాయించండి. తాళంచెవి మాత్రం పిల్లల చెయ్యి అందేంత ఎత్తులో మేకుకి తగిలించి, మీరూ మా అమ్మాయీ కాసేపు టీ తాగడానికి వెళ్లండి. తిరిగొచ్చేసరికి ప్లాస్టిక్ తొడుగులు ఊడిపోయి ఉంటాయి, పేజీలు మాసిపోయి ఉంటాయి, ఆ పడవ వచ్చిందో లేదో రెండు భాషల్లో తేలిపోయి ఉంటుంది.

"నాన్నా, ఇది పేపరుకి పంపకు. పెద్దమేడం పేపర్లో నీ కాలమ్ ఒక్కటీ వదలకుండా చదువుతారు" అంటోంది మా చిన్నమ్మాయి.

చదవనీ. వేలు పెదాల మీద పెట్టుకుని చదవమను. నేను చప్పట్లు కొట్టేదాకా పేజీ మాత్రం తిప్పకూడదు!