వెదురు టవరుకి ఇద్దరు అద్దెవాళ్ళు

ఇటు చూడవయ్యా, ఆ ఫోనుని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నావే, నిన్నే! నీ చేతిలో ఆ నాలుగు గీతల సిగ్నలు ఊరికే రాలేదు. మన కొండ మీద దానికోసం ఒక మగవాడు పరువు పోగొట్టుకున్నాడు.

లాస్ గ్వామాస్ కాఫీ తోటల ఊరు. ఒక పొద్దున ఒవిదియో భార్య నికొలాసా పెనం మీద టోర్టియా రొట్టె తిప్పుతూ తేల్చేసింది. "ఈ ఎండాకాలం లోపు సిగ్నలన్నా రావాలి, లేదా నేను మా అక్క దగ్గరికన్నా పోవాలి. ఇక్కడ నీ మొహం తప్ప ఇంకేం కనపడదు."

ఆ కొండకి రాగల ఫోను కంపెనీలు రెండే: ఆకుపచ్చ, పసుపు. అయితే ముందు టవరు వేసినవాడు తర్వాత వచ్చినవాడికి చోటివ్వాలని దేశంలో రూలు. దాంతో "ఖర్చు వాడిది, వాటా మనది" అనుకుంటూ ఇద్దరూ నాలుగేళ్ళుగా ఒకరి కోసం ఒకరు కాచుకుని కూర్చున్నారు.

ఒవిదియో తోట కొసన పొడుగాటి వెదురు పాతి, పైన సత్తు బేసిన్ బోర్లించి, సైకిలు ఎర్రలైటు కట్టాడు. పట్నం వెళ్ళి రెండు ఆఫీసుల్లోనూ ఒకటే మాట చెప్పాడు: "అవతలివాళ్ళ టవరు లేచిపోయింది. మీరింకా నిద్రపోతున్నారా?" పోటీపడి చెరొకటి వేస్తారని అతని ఎత్తు.

సోమవారం ఇద్దరు ఇంజనీర్లూ వచ్చారు. ఇనుము లేదు, సిమెంటు లేదు. చంకలో చెరో యాంటెన్నా.

"మీ టవరు మీద మాకు చోటివ్వండి," అన్నాడు పసుపు ఇంజనీరు.

"మాదెక్కడిది? మీదేనని మేం అడగడానికొచ్చాం!" అన్నాడు ఆకుపచ్చ.

వెనకే జీపులోంచి ప్రభుత్వ అధికారి యామిలెత్ దిగింది. బేసిన్ వైపు తలెత్తి చూసింది. "ఇదెవరిది?"

ఒవిదియో చేతులు జోడించాడు. "నాదేనమ్మా. కేసు పెట్టకండి. ఈ స్థలం ఊరికే ఇచ్చేస్తా, ఇద్దరూ కలిసి నిజమైంది వేసుకోండి!"

"ఊరికేనా? కాగితం మీద రాస్తారా?"

రాసి, సంతకం పెట్టి, పక్కనే నిలబడ్డ భార్యకి కన్నుగీటాడు. "చూశావే, ముగ్గుర్నీ ఎలా బుట్టలో వేశానో!"

యామిలెత్ సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. "మీ ఆవిడ పంపిన ఫిర్యాదు మీద వచ్చిన ఉత్తర్వు ఇది. రెండు కంపెనీలూ కలిసి ఒకే టవరు వేయాలి, స్థలం ఇచ్చినవాళ్ళకి నెలనెలా అద్దె కట్టాలి. చదివి వినిపిద్దామనే వచ్చాను. మీరే తొందరపడి ఊరికే రాసిచ్చేశారు."

"ఫిర్యాదు రాశావా? నాకు చెప్పలేదేమే?"

"చెబితే నువ్వేదో ఒకటి చేస్తావని చెప్పలేదయ్యా."

టవరు లేచింది, నికొలాసా ఎక్కడికీ పోలేదు. ఆ కాగితం మీద ఒవిదియో సంతకం మాత్రం ముత్యాల్లా ఉందని ఇద్దరు ఇంజనీర్లూ ఒప్పుకున్నారు.