అంతా పోర్టల్‌లోనే ఉంది

ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ గురించి ఇకమీదట ఏ ప్రోగ్రామరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదని, సమస్త జ్ఞానమూ ఒకే పోర్టల్‌లో కొలువుదీరబోతోందని మంత్రిగారు ప్రకటించారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయన ఆంతరంగిక కార్యదర్శి. మంత్రిగారు తుమ్మినా "చిత్తం సార్" అనే సుగుణం వల్ల ఆఫీసంతా ఆయన్ని చిత్తంగారనే పిలిచేది. పోర్టల్ బాధ్యత ఆయనకే దక్కింది. కంప్యూటర్‌లో ఓనమాలు రావు గనక పక్షపాతం చూపించడని మంత్రిగారి నమ్మకం.

ప్రోగ్రామర్ల కోసం గైడ్లు రాసే ఆవిడ మర్నాడే ఒక కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఒక్క పేజీయేనా?" అన్నారు చిత్తంగారు.

"అంతే సార్. ఏ ఆస్పత్రిలో మంచం ఖాళీగా ఉందో అంబులెన్సులకి చెప్పే సర్వర్ అడ్రస్ మారుతోంది. పాతది శుక్రవారం మూసేస్తున్నారు. అంబులెన్స్ కంపెనీల ప్రోగ్రామర్లు ఇది చూసి కొత్తది పెట్టుకోవాలి. లేకపోతే డ్రైవర్ ముందు తెర ఖాళీ. పేషెంట్‌ని పెట్టుకుని ఊరంతా తిరగాలి."

"ఒక్క పేజీని మంత్రిగారి చేత ఆవిష్కరింపజేస్తామా? పరువు దక్కుతుందా తల్లీ?"

సంతకం పెట్టే ప్రతి అధికారీ ఒక ముందుమాట తగిలించడం ఆ శాఖలో ఆనవాయితీ. మంత్రిగారి సందేశం వచ్చింది, ఉపమంత్రిగారి ఆశీస్సులొచ్చాయి, రిటైరైన డైరెక్టరుగారి జ్ఞాపకాలు కూడా వచ్చాయి. ఆవిడ పేజీ అట్టడుగున "ఇతరములు"లో సర్దుకుంది.

ఆవిడ ఊరుకోలేదు. చిత్తంగారి ఎదుటే సెర్చ్ బాక్సులో "మంచం" అని కొట్టింది. మంత్రిగారి సందేశం వచ్చింది. "అంబులెన్స్" అని కొట్టింది. మంత్రిగారు అంబులెన్సుకి జెండా ఊపుతున్న ఫొటో వచ్చింది. "అడ్రస్" అంటే మంత్రిగారి ఇంటి అడ్రస్ వచ్చింది.

చిత్తంగారి కళ్లు చెమర్చాయి. "ఏం వెతికినా దొరుకుతోంది!"

"వెతికింది దొరకట్లేదు సార్!"

"దొరికింది చదవాలమ్మా."

ఆవిష్కరణకి ముందే పోర్టల్‌ని ప్రోగ్రామర్లకి మాత్రం తెరిచిపెట్టారు. పేజీ దొరక్క వాళ్లు ఆవిడకే ఫోన్లు చేయసాగారు. ఆవిడ ఒక్కొక్కరికీ కొత్త అడ్రస్ చెబుతోంది. ఇది చిత్తంగారికి ద్రోహంలా తోచింది.

"ఎవర్నీ అడగక్కర్లేదని మంత్రిగారు అన్నాక నువ్వు చెప్పడమేంటి? ఫోన్ ఇటివ్వు. ఆవిష్కరణ అయ్యేదాకా నా దగ్గరుంటుంది."

"ఇంకా సగం కంపెనీలు మిగిలాయి సార్."

"చదువుకుంటారు." ఫోన్ ఆయన కోటు జేబులోకి వెళ్లింది. ప్రోగ్రామర్లు గంటల తరబడి పోర్టల్‌లోనే తచ్చాడుతున్నారని, జనాదరణ అంటే అదేనని ఆ సాయంత్రం ఆయన మంత్రిగారికి మనవి చేసుకున్నారు. మంత్రిగారు భుజం తట్టారు.

శుక్రవారం మంత్రిగారు బటన్ నొక్కారు. పోర్టల్ అందరికీ తెరుచుకుంది, పాత అడ్రస్ మూతపడింది. తన సందేశం ఎండలో ఆసాంతం చదివి, ఉపమంత్రిగారి ఆశీస్సులు అందుకోబోతూ మంత్రిగారు గుండె పట్టుకుని కూలబడ్డారు. కాన్వాయ్ వెనక ఎప్పుడూ ఉండే అంబులెన్స్ ఎక్కించారు. చిత్తంగారూ ఎక్కారు.

దగ్గర్లో ఉన్నది కిందటేడు మంత్రిగారు ప్రారంభించిన ఆస్పత్రి. గుండె వార్డుకి బోర్డుంది గానీ మంచాలింకా రాలేదు. మళ్లీ రోడ్డెక్కారు.

"ఇంకెక్కడుందో చూడవయ్యా!" అని అరిచారు చిత్తంగారు.

"తెర ఖాళీ సార్. పొద్దున బానే ఉంది."

చిత్తంగారు పోర్టల్ తెరిచి "గుండె" అని కొట్టారు. "ప్రియమైన ప్రజలారా..."

"చదవకు," అని మూలిగారు మంత్రిగారు.

"తెర పోతే మా డ్రైవర్లమంతా ఒకావిడకి ఫోన్ చేస్తాం సార్," అన్నాడు డ్రైవర్. "గైడ్లు రాస్తారు. మంచం ఎక్కడుందో చూసి టక్కున చెప్పేస్తారు."

"చెయ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది!"

డ్రైవర్ నంబర్ నొక్కాడు. చిత్తంగారి కోటు జేబులో ఫోన్ మోగింది.

మంత్రిగారు మెల్లగా తల తిప్పి జేబు వంక చూశారు.

"రింగవుతోంది సార్," అన్నాడు డ్రైవర్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "కంగారు పడకండి. ఆవిడ ఎప్పుడూ ఎత్తుతారు."