టైరు వెడల్పును బట్టి అధ్యక్షుడు

ఉమ్మడి జిల్లా వేగకార్ల యజమానుల సంఘానికి అధ్యక్షుణ్ణి టైరు వెడల్పును బట్టి ఎన్నుకోవాలని సూర్యాపేటలో జరిగిన సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఓటింగు పెడితే మనస్పర్థలు వస్తాయి. వేగాన్ని బట్టి ఎన్నుకుందామంటే, సభ్యుల్లో ఎవరూ తమ కారు వేగాన్ని రెండో స్పీడ్ బ్రేకరు దాటి పరీక్షించి చూడలేదు. ఇంజను బానెట్ కింద ఉంటుంది, దారిన పోయేవాళ్ళకు కనపడదు. టైరు కనపడుతుంది. దాని పక్కన అంకె కూడా అచ్చు వేసి ఉంటుంది. అబద్ధం చెప్పడానికి వీల్లేని అర్హత ఇదొక్కటేనని సభ్యులు సంతోషించారు. వచ్చే నెల మొదటి ఆదివారం సూర్యాపేట ఫంక్షన్ హాలు ఆవరణలో కార్లు నిలబెట్టి టేపు పెట్టి కొలవాలని, ఎవరి టైరు ఎక్కువ వెడల్పుంటే వారు రెండేళ్ళు అధ్యక్షులుగా ఉండాలని రాసుకుని సంతకాలు చేశారు.

సభ్యులు చాలామందే ఉన్నా పోటీ ఇద్దరి మధ్యే. ఒకరు కోదాడలో పెట్రోలు బంకు నడిపే గోపాల్. ఆయన కారు టైరు వెడల్పు 275 మిల్లీమీటర్లు. రెండోవారు మిర్యాలగూడ రైసు మిల్లు యజమాని కైలాసం గారి అబ్బాయి పృథ్వీ. తన టైరు 225 అని పృథ్వీకి ఆ రోజే తెలిసింది. గోపాల్ వంగి, అంకె చదివి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఏవండీ పృథ్వీగారూ, ఇది కారుతో పాటు వచ్చిందేనా, మీ నాన్నగారి స్కూటరుది తీసి వేశారా?"

అందరూ నవ్వారు. తర్వాత టీ ఇచ్చారు. పృథ్వీ తాగలేదు.

హైదరాబాదు నుంచి ఆ విదేశీ కారు తెచ్చినప్పటి నుంచి పృథ్వీకి ఏ లోటూ కనిపించలేదు. స్టార్టు చేస్తే వీధి చివర కుక్కలు లేచేవి. అంతకు మించి ఒక కారు నుంచి ఎవరైనా ఏం ఆశిస్తారు? కానీ ఆ రోజు సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వచ్చేదాకా ఎదురుగా వచ్చిన ప్రతి బండి టైరునూ చూస్తూ నడిపాడు. పత్తి ట్రాక్టరు వెనక టైరు కనపడినప్పుడు కారు ఆపి, అది మలుపు తిరిగేదాకా చూశాడు.

ఇంటికి వచ్చి భార్య అక్షితకు విషయం చెప్పాడు. ఆమె కారు దగ్గరికి వెళ్ళి, డ్రైవరు తలుపు తీసి, పక్కన అంటించిన స్టిక్కరు చదివింది.

"గీడ రాసే ఉన్నది కదా. ఎనిమిది ఇంచుల వెడల్పు రిమ్ముకు రెండు వందల ఇరవై అయిదు టైరు. జర పెద్దది పెట్టొచ్చు గానీ, మరీ పెద్దదైతే బాడీకి రుద్దుకుంటది."

"అది కంపెనీవాడు రాసిండు."

"మరి కారు ఎవరు చేసిండ్రు?"

"చేసుడు వేరు, నడుపుడు వేరు," అన్నాడు పృథ్వీ. అక్షిత తలుపు వేసి లోపలికి పోయింది.

కైలాసం గారి ఇంట్లో బోరు వేయాలన్నా, మిల్లులో బాయిలరు మార్చాలన్నా అంకెల సిద్ధాంతిని అడగకుండా జరగదు. లారీల నంబర్లు ఆయన చెప్పినవే. మిల్లు పేరులో ఒక అక్షరం రెండుసార్లు రావడం కూడా ఆయన సలహాయే. దానివల్ల బోర్డు పెయింటరుకు తప్ప ఎవరికీ ఇబ్బంది కలగలేదు. టైరు సంగతి ఆయన దాకా పోవడం సహజం.

సిద్ధాంతి పృథ్వీ పుట్టిన తేదీ అడిగి, కళ్ళు మూసుకుని, తెరిచి చెప్పాడు. "టైరు అంకెలు కూడితే తొమ్మిది రావాలె. ఇప్పుడున్నది ఎంత? రెండు, రెండు, అయిదు. తొమ్మిది. దివ్యంగా ఉన్నది. దాన్ని కదిలించకు."

కంపెనీ ఇంజనీర్లు, మిర్యాలగూడ సిద్ధాంతి ఒకే మాట మీద నిలబడటం అరుదు. పృథ్వీకి అది నచ్చలేదు.

"దాని తర్వాత తొమ్మిది ఎక్కడుంది పంతులుగారూ?"

సిద్ధాంతి వేళ్ళు లెక్కపెట్టాడు. 235 కుదరలేదు. 275 కూడా కుదరలేదు. గోపాల్ టైరు అంకెలు కూడితే పద్నాలుగు వస్తుందని, అది ఆరోగ్యానికి మంచిది కాదని తేలడంతో గదిలో కొంత ఊరట కనిపించింది. చివరకు సిద్ధాంతి 315 దగ్గర ఆగాడు.

"గంత లావు దొరుకుతదా?" అని కైలాసం అడిగాడు.

"పిలగాడు మనసు పడ్డడు, పెట్టుకోనియ్," అంది తల్లి కన్యకమ్మ. "లావుంటే కిందికెళ్ళి గాలి గూడ తగలదు." గాలి తగిలితే ఏమవుతుందో ఆమె చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

టైర్లు హైదరాబాదు నుంచి వచ్చాయి. వాటిని వేయడానికి ఊళ్ళోనే ఉన్న తిరుపతి అనే అతని టైర్ల దుకాణానికి తీసుకుపోయారు. తిరుపతి ట్రాక్టర్లకు, లారీలకు టైర్లు వేస్తాడు. ఎవరు ఏమడిగినా అతని దగ్గర ఒకటే జవాబుంది, ఇంతవరకు ఆ జవాబు మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

"రిమ్ము ఎనిమిదే కదా, గిది పడతదా?" అన్నాడు పృథ్వీ.

"నడుస్తది అన్నా."

"బాడీకి రుద్దుకోదా?"

"రుద్దుకుంటె రుద్దుకుంటది. నడుసుడైతె నడుస్తది."

సబ్బు నీళ్ళు పోశారు. టైరు చుట్టూ తాడు కట్టి, కర్ర పెట్టి మెలితిప్పారు. గాలి కొట్టారు, దించారు, మళ్ళీ కొట్టారు. చివరకు ఠప్పుమని శబ్దం వచ్చి టైరు రిమ్ములో కూర్చుంది. చూడటానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. రిమ్ము దగ్గర సన్నగా ఉండి మధ్యలో ఉబ్బిన ఆ టైరు, నూనెలో పొంగిన బూరెలా ఉంది. నేలకు తగులుతున్నది నడిమి భాగమే. అంటే 315లో పని చేస్తున్నది దాదాపు పాత 225 అంత. మిగతాది అధ్యక్ష పదవి కోసం.

కారు ముందుకు పోయింది. వెనక్కి వచ్చింది. పక్కకు మాత్రం తిరగలేదు. స్టీరింగు కొంచెం తిప్పగానే ముందు టైరు లోపల బాడీకి తగిలి, రంపం పెట్టినట్టు శబ్దం వచ్చేది. దీన్ని ఇంట్లో ఎవరూ లోపంగా చూడలేదు. "రైలును ఎవరన్న తిప్పుతరా? పెద్ద బండి అంటే గంతే," అన్నాడు కైలాసం. గేటు పక్కకు ఉండటంతో, ఇంటికి ఎదురుగా సాగే మిల్లు రోడ్డును తిప్పకుండా ఎక్కడానికి అడ్డంగా ఉన్న ప్రహరీ గోడను పగలగొట్టించాడు. గోడతో పాటు కరివేపాకు చెట్టు పోయింది. కన్యకమ్మ అభ్యంతరం చెప్పలేదు.

అవి వరికోతల రోజులు. మన జిల్లాల్లో రోడ్డుకు రెండు సగాలుంటాయని పాఠకులకు తెలుసు. ఒక సగం బండ్లది, ఒక సగం వడ్లది. ఏది ఎవరిదో ఎండను బట్టి మారుతుంది. రోడ్ల శాఖకు కూడా ఈ సంగతి తెలుసు గానీ, రాతపూర్వకంగా తెలియదు.

త్రిపురారం దగ్గరి తండా నుంచి బద్రు, అతని భార్య పుష్పాబాయి వడ్లు తీసుకుని కైలాసం మిల్లుకు వచ్చి ఉన్నారు. గుమస్తా గింజ కొరికి చూసి, తేమ ఉంది, ఎండబెట్టి తెమ్మన్నాడు. మళ్ళీ తండాకు మోసుకుపోతే ట్రాక్టరు కిరాయి రెండింతలవుతుంది. అందుకని మిల్లు ఎదుటి రోడ్డు మీదే పోశారు. ఎండ బాగా కాసింది. శనివారం మధ్యాహ్నానికి గింజ గలగలమంది. పడమట మబ్బు పట్టడంతో ఇద్దరూ వడ్లను ఊడ్చి కుప్ప చేస్తున్నారు. వాన రాకముందే సంచుల్లోకి ఎత్తి గేటు లోపలికి చేరిస్తే ఆ పంట వాళ్ళదే.

మర్నాడే కొలతలు. పృథ్వీ చివరిసారి కారు నడిపి చూసుకోవడానికి బయలుదేరాడు. ఎదురుగా సగం రోడ్డు వడ్లు, ఆ సగంలోనే కుప్ప. రెండో సగం ఖాళీగా ఉంది. అక్కడికి పోవాలంటే స్టీరింగు తిప్పాలి. తిప్పితే టైరు బాడీకి తగిలి, మర్నాడు పదిమంది చూసే చోట రబ్బరు గీరుకుపోతుంది. పృథ్వీ ఆలోచించాడు. ఆలోచించేటంత దూరం ఉంది. తిప్పకుండా నేరుగా పోయాడు.

వెడల్పు టైరు గుణం ఒకటి అప్పుడు బయటపడింది. గింజల మీద సన్న టైరు దిగబడుతుంది, లావు టైరు తేలుతుంది. బ్రేకు వేసినా కారు ఆగలేదు. వడ్ల మీద జారుకుంటూ పోయి కుప్పలో దూరి ఆగింది. పుష్పాబాయి చీపురుతో పక్కకు దూకింది.

"జర పక్కకు తిప్పకపోతివి సేటు," అన్నాడు బద్రు.

"తిరగదు."

"తిరగనిది కారెట్లయితది?" అంది పుష్పాబాయి.

"ఇది మామూలు కారు కాదు. నీకు చెప్పినా సమజ్ కాదు."

"సమజ్ అయింది సేటు. నీ కారుకు తిరగ రాదు, మా వడ్లకు లేచి ఉరక రాదు. ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు."

పృథ్వీ దిగి టైర్లు చూసుకున్నాడు. గీత పడలేదు. మనసు కుదుటపడింది. కారు బయటికి రావడానికి బద్రు తన కిరాయి ట్రాక్టరుకే తాడు కట్టి లాగాల్సి వచ్చింది. లాగినప్పుడల్లా కారు ముందుకు కొంత, వెనక్కి కొంత ఊగింది. ఆ ఊగినంత మేరా కింద గింజ చిట్లింది. మొదటి చినుకు పడేసరికి కారు ఇంటికి చేరింది. వడ్లు సంచుల్లో పడి, మిల్లు గేటు దాటాయి. తడవలేదు. బద్రు ఊపిరి పీల్చుకున్నాడు.

కాంటా దగ్గర కైలాసం స్వయంగా గుప్పెడు వడ్లు తీసి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదాడు. చేతిలో తెల్లటి ముక్కలు మిగిలాయి.

"నూక మస్తున్నది బద్రూ. తూకంల తరుగు తీయాలె."

"మీ పిలగాని కారే తొక్కింది గద సేటు."

"కారు సంగతి ఇంటికాడ. గింజ సంగతి గీడ. రెండు కలిపితే యాపారం ఖతమైతది."

"మరి ఇంటికాడ మా మాట ఎవరు మాట్లాడతరు సేటు?" అంది పుష్పాబాయి.

కైలాసం ఆమె వైపు చూసి, మంచి ప్రశ్న అడిగిందన్నట్టు తల ఊపి, తర్వాతి ట్రాక్టరును పిలిచాడు. తరుగు తీశారు. మిగిలింది ట్రాక్టరు కిరాయికి, కోత మిషనుకు సరిపోయింది. భార్యాభర్తలు తండాకు ఖాళీ సంచులతో వెళ్ళారు. సంచులు మాత్రం మిల్లువారు తిరిగి ఇచ్చేశారు.

ఆదివారం పృథ్వీ కారు మిల్లు లారీ మీద సూర్యాపేట పోయింది. దాని మీద టార్పాలిన్ కప్పారు. వాన వస్తుందని రైతులు అడిగినప్పుడు మిల్లులో లేవని చెప్పిన టార్పాలిన్లలో ఇదొకటి. లారీ తొందరగా పోవడంతో అందరికంటే ముందు చేరింది పృథ్వీయే. దర్జీ దగ్గర తెచ్చిన టేపుతో కొలిచారు. 315. గోపాల్ రెండుసార్లు కొలిపించి, లేచి నిలబడ్డాడు.

"టైరు నిజమేనండీ, కాదనను. కానీ కారు నడిచి రాలేదు కదా?"

సంఘం తీర్మానాన్ని తెప్పించి చదివింది. అందులో వెడల్పు గురించి ఉంది. నడవడం గురించి లేదు. పృథ్వీ అధ్యక్షుడయ్యాడు. అతనికి ఒక దండ, టైర్లకు నాలుగు దండలు వేశారు.

కొత్త అధ్యక్షుడు మాట్లాడుతూ, నిన్న తన కారుకు పెను ప్రమాదం తృటిలో తప్పిందన్నారు. "రోడ్డనేది నడవడానికి, ఎండబెట్టుకోవడానికి కాదు. మన టైర్లు పెరిగినాయి, రోడ్లు పెరగలేదు. రోడ్లను, రైతులను టైర్ల స్థాయికి తీసుకురావడమే నా ధ్యేయం," అని ప్రకటించారు. హర్షధ్వానాల మధ్య ఒక తీర్మానం పెట్టారు. అతిథిగా వచ్చిన కైలాసం గారు తమ మిల్లర్ల తరఫున దానికి మద్దతు పలికారు. ఇంతవరకు వడ్లలో తేమ తరుగు, తాలు తరుగు, మట్టి తరుగు ఉన్నాయి. ఇకమీదట టైరు తరుగు కూడా ఉంటుంది. రోడ్డు మీద ఎండిన వడ్లన్నింటికీ అది వర్తిస్తుంది, కారు తొక్కినా, తొక్కకపోయినా. లేకపోతే తొక్కించుకున్నవారికి అన్యాయం జరుగుతుంది. తీర్మానాన్ని బలపరిచింది గోపాల్. సభ ముగిశాక ఆయన పృథ్వీని పక్కకు పిలిచి సిద్ధాంతి ఫోను నంబరు అడిగి తీసుకున్నాడు.

బద్రు వడ్లను మిల్లులో ఆడించగా వచ్చిన నూకలను జల్లించి, అందమైన సంచుల్లో పోసి పట్నం దుకాణాలకు పంపారు. తరుగు కింద పోయినవి ఇలా మంచి ధరకే అమ్ముడుపోయాయి. వాటితో చేసిన ఉప్మా పలుకు పలుకుగా వస్తోందని ఇళ్ళల్లో మెచ్చుకుంటున్నారు.

సంఘంలో సభ్యత్వం పెంచాలని అధ్యక్షులవారు నిర్ణయించారు. ఇకపై కారు ఉండాలన్న నియమం లేదు, టైరు వెడల్పుతో కూడా నిమిత్తం లేదు. రోడ్డు మీద వడ్లు కనపడగానే విసుక్కుని, ఇంటికి పోయి నూకల ఉప్మా మారు వడ్డించుకునేవారు ఎవరైనా అర్హులే. దరఖాస్తు అక్కర్లేదు. మీ పేరు ఇప్పటికే చేర్చుకున్నారు.