మంత్రిగారి కంటే పది ఎక్కువ

“ఊదమని ఊదమని, దానికున్న కాస్త ఊపిరి కూడా లాగేస్తారేమోనండీ” అన్నాను పొద్దున్నే మా ఆయనతో. పిల్ల అప్పటికింకా లేవనే లేదు.

“నీ నోట ఒక్క మంచిమాట రాదు కదా” అన్నారాయన.

రాదు. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. భయపడటం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

అయినా ఆ రోజు భయపడటం నాదే తప్పు. ముందురోజంతా మైకు కట్టిన బండి మా వీధుల్లో తిరిగి చెప్పింది: బడిపిల్లల ఊపిరితిత్తుల మీద ఇంతవరకూ ఎవరూ చేయని పరిశోధనట, సాక్షాత్తూ మంత్రిగారి పర్యవేక్షణలోనట. ఉబ్బసం ఉన్నట్టు తేలిన ప్రతి బిడ్డకూ నెలనెలా ఉచితంగా ఇన్‌హేలర్. బడి వెనక కంకర మిల్లు దుమ్ము పిల్లల ఛాతీల్లోకి వెళ్తోందా లేదా అన్నది కూడా తేల్చేస్తారట. ఆ మిల్లు మంత్రిగారి సొంత బావమరిదిది. బంధువని కూడా చూడకుండా పరిశోధనకు ఒప్పుకున్న ఆయన నిజాయితీకి మా వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

నాకు కావలసింది ఆ ఇన్‌హేలరే. మా చిన్నదానికి ఎనిమిదేళ్ళు. ఉబ్బసానికి అది పీల్చే మందు పంపు వెనక చిన్న కిటికీ ఉంటుంది, ఇంకెన్నిసార్లు నొక్కొచ్చో అందులో అంకె కనిపిస్తుంది. ఆ పొద్దున నాలుగు ఉంది. గంటకోసారి చూస్తూనే ఉన్నాను, చూస్తే పెరుగుతుందన్నట్టు.

బడిలో నర్సమ్మ బల్ల వేసుకుని కూర్చుంది. చేతిలో ప్లాస్టిక్ గొట్టం, దాని మీద అంకెలు, ఎర్రటి ముల్లు. గట్టిగా ఊదితే ముల్లు ముందుకెళ్ళి ఆగుతుంది. గోడకు చార్టు తగిలించింది. ఎనిమిదేళ్ళ పిల్లలకు రెండు వందల యాభై దాకా రావాలట. బాగా తక్కువొస్తే ఉబ్బసం అనుమానం, ఇన్‌హేలర్ ఇస్తారు.

ప్రారంభం మంత్రిగారి చేతుల మీదుగానే, కాదు, నోటి మీదుగానే జరిగింది. మూడుసార్లు ఊదారు. నూట ఇరవై, నూట పది, తొంభై. తర్వాత కాసేపు కుర్చీ పట్టుకుని నిలబడ్డారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

నర్సమ్మ మాత్రం చార్టు వైపు చూసింది. ఆ చూపు మంత్రిగారి పక్కనే నిలబడ్డ పరిశోధనాధికారి పట్టేశారు. పెద్ద చదువులు చదివినవారు, ఊరికే అంటారా!

“ఆ చార్టు తీసెయ్యమ్మా.”

“సార్, అది పుస్తకంలో ఉన్న లెక్క సార్.”

“పుస్తకం పెద్దదా, మంత్రిగారు పెద్దవారా?”

చార్టు దిగిపోయింది. నూట ఇరవై ఆరోగ్యానికి కొలమానమైంది. అధికారి ఆ మాట కాగితం మీద రాసి, మంత్రిగారి సంతకం కూడా తీసుకున్నారు.

మా చిన్నది బుగ్గలు ఎర్రబడేలా ఊదింది. నూట ముప్ఫై.

“శభాష్! మంత్రిగారి కంటే పది ఎక్కువ” అన్నారు అధికారి.

నేను చేతులు కట్టుకుని, నాలుగు మెట్లెక్కితే దీనికి పిల్లికూతలు వస్తాయనీ, పంపులో మందు అయిపోవచ్చిందనీ చెప్పుకున్నాను.

“చూడమ్మా” అన్నారాయన ఓపిగ్గా. “నూట ఇరవై ఉన్న మంత్రిగారికి ఉబ్బసం ఉందంటావా?”

లేదని వెంటనే ఒప్పుకున్నాను. పెద్దవాళ్ళకు లేని జబ్బు అంటగట్టి పాపం మూటగట్టుకోవడం ఎందుకు?

పరిశోధన గంటలో పూర్తయింది. మూడు వందల పన్నెండు మంది పిల్లల్లో ఒక్కరికీ ఉబ్బసం లేదు. కంకర దుమ్ము ఊపిరితిత్తులకు వ్యాయామమని కూడా తేలింది. ఇన్‌హేలర్ల పెట్టెలు విప్పకుండానే లారీ ఎక్కాయి.

తర్వాత సన్మానం. మేడ మీది హాల్లో, నలభై మెట్ల పైన. మంత్రిగారి కంటే ఎక్కువ ఊపిరి ఉన్న బిడ్డలకు ప్రతినిధిగా మా చిన్నదాన్ని ఎంచారు. ఇంతమందిలో దాన్నే ఎందుకంటే, నేను అధికారి బల్ల ముందునుంచి ఇంకా కదల్లేదు కాబట్టి. మంత్రిగారు దాని చెయ్యి పట్టుకుని మెట్లెక్కాలి, ఫొటోలు తీయాలి. ఎక్కారు. వెలుతురు చాల్లేదని ఫొటోగ్రాఫరు మళ్ళీ కిందికి దింపి ఎక్కించాడు. వెనకాల నేను మెట్లు లెక్కపెడుతూ వెళ్ళాను.

పైన మైకు ముందు ఇద్దర్నీ నిలబెట్టారు.

“మన గాలి ఎలా ఉందో చెప్పు పాపా” అన్నారు అధికారి.

పాప చెప్పలేదు. దాని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మైకులో పిల్లికూతలు హాలంతా వినిపించాయి.

“పోనీ, మంత్రిగారే సెలవిస్తారు.”

మంత్రిగారూ సెలవివ్వలేదు. రెండో రకం కూత మొదలైంది, కాస్త లావు గొంతుది. ఆయన జేబులు తడుముకున్నారు. వెనకున్న పీఏ మెల్లిగా, “సార్‌ది కార్లో ఉండిపోయింది” అన్నాడు.

నేను పరుగెత్తి పిల్ల నోట్లో పంపు పెట్టి రెండుసార్లు నొక్కాను. అది రెండుసార్లు పీల్చింది. తర్వాత, మంచి పిల్ల కదా, నా చేతిలోది లాక్కుని పక్కకు చాపింది. కిటికీలో ఇంకా రెండే. మంత్రిగారు రెండు చేతులతో అందుకుని రెండుసార్లు నొక్కుకున్నారు.

పంపు నా చేతికి తిరిగొచ్చింది. కిటికీలో సున్నా. నర్సమ్మ అటు తిరిగి గోడను చూస్తోంది. అధికారి కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. మూడు వందల పన్నెండు మంది పిల్లలూ మంత్రిగారి నోటి వంకే చూస్తున్నారు.

మంత్రిగారు మైకు దగ్గరికి లాక్కున్నారు.

“గాలికేం” అన్నారు. “ఇప్పుడు హాయిగా ఆడుతోంది.”