పది గోళ్లకు ఆరు జబ్బులు

డ్రాయింగు మాస్టారికి ఆ ఆదివారం కావలసిందల్లా నిద్ర. వారమంతా అరవై మంది పిల్లల చేత పూలకుండీ గీయించి, శనివారం పరీక్షల కాపలా కాసి, పిండి ఆరేసిన గుడ్డలా అయిపోయాడు. ఇల్లాలేమో అటక దులపాలి, బీరువా జరపాలి అని నెల్లాళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. తప్పించుకుందామంటే నడుంనొప్పి, తలనొప్పి, కళ్లు తిరగడం అన్నీ కిందటి ఆదివారాలకే ఖర్చయిపోయాయి.

అలాంటి కష్టకాలంలో వారపత్రికలో ఆరోగ్యం పేజీ కంటబడింది. గోళ్లు చూసి ఒంటి సంగతి కొంత పసిగట్టవచ్చట. పాలిపోతే రక్తం తక్కువేమో, పసుపుపచ్చనైతే ఊపిరితిత్తుల తంటానేమో, నీలమైతే ప్రాణవాయువు చాలడం లేదేమో అని రాసి, పక్కనే రంగుల బొమ్మలు వేశారు. మాస్టారు గది తలుపు గడియ పెట్టి, సన్న కుంచె తీశాడు.

తెల్లరంగుతో ఆపేసి ఉంటే బాగుండేది. కుంచె పట్టాక ఆ చెయ్యి ఆగుతుందా? బొటనవేలికి తెలుపు, చూపుడువేలికి పసుపు, మధ్యవేలికి నీలం, ఉంగరపు వేలికి అడ్డచారలు, ఆపైన మచ్చలు, గీతలు. పత్రికలో ఉన్న ఆరు బొమ్మల్లో ఒక్కటీ వదల్లేదు. పైన వార్నిష్ పూసి, చేతులు దూరంగా చాపి చూసుకుని, కాస్త మురిసిపోయాడు కూడా.

"ఏమోయ్, ఓసారి ఇలా వచ్చి నా గోళ్లు చూడు," అన్నాడు, గొంతులో నీరసం కలిపి.

"అటక ఎక్కమన్నప్పుడే మీకు గోళ్లు గుర్తొస్తాయి," అంటూ వచ్చిన ఆమె, చూడగానే చేతిలో చీపురు వదిలేసింది. "అయ్యయ్యో! ఇదేంటండీ? ఎప్పట్నుంచి?"

"కంగారు పడకు. కాసేపు పడుకుంటే అదే..."

"పడుకోవడమా, నా మొహమా! లేవండి, డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

"ఆదివారం ఎవరుంటారే?"

"మధ్యాహ్నం దాకా ఉంటుంది. చొక్కా వేసుకోండి."

క్లినిక్ మూడో అంతస్తులో ఉంది. రోగి చకచకా ఎక్కేశాడు. ఇల్లాలు ప్రతి మలుపులోనూ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. "ఏమైందే?" అంటే "మీ గురించి భయమే," అంది. చేతులు జేబుల్లో దాచుకోవడంలో మునిగిపోయిన మాస్టారు మళ్లీ అడగలేదు.

డాక్టరమ్మ పది వేళ్లూ తిప్పి తిప్పి చూసింది.

"ఆరు జబ్బులున్నాయి మాస్టారూ. ఇన్ని ఉన్నవాళ్లు మెట్లెక్కి రారు, మోసుకొస్తారు," అని స్పిరిట్ దూదితో చూపుడువేలు గట్టిగా రుద్దింది. దూది పసుపయింది. అడుగున గులాబీరంగు గోరు నవనవలాడుతూ బయటపడింది.

మాస్టారు నేలకేసి చూశాడు. ఇల్లాలు నమ్మలేక ఆ గోరును తడిమి చూడబోయింది. డాక్టరమ్మ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒక్క నిమిషమమ్మా." ఆమె గోరు సున్నం కొట్టినట్టు పాలిపోయి, మధ్యలో గుంట పడి ఉంది. డాక్టరమ్మ ఒక నీటిబొట్టు వేస్తే జారకుండా అక్కడే నిలబడింది. తర్వాత కంటి కిందిరెప్ప లాగి చూసింది. "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"వస్తుందండీ. పని చేసేవాళ్లకి ఎవరికైనా వచ్చేదేగా?"

"రాకూడదమ్మా. గోరు చూసి అనుమానపడటమే, తేల్చాల్సింది రక్తపరీక్ష."

పరీక్షలో రక్తం పన్నెండు ఉండాల్సింది ఏడుంది. డాక్టరమ్మ మాత్రలు రాసింది, రక్తం ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి ఇంకో రెండు పరీక్షలు రాసింది. బరువులెత్తొద్దు, బాగా విశ్రాంతి కావాలి అంది. ఆ చివరి మాట మాస్టారు తన కోసం వినాలనుకున్న మాటే.

మెట్లు దిగుతూ మాస్టారు ఆమె చేతిలోంచి సంచి తీసుకున్నాడు. నిజంగానే భయం వేసింది. రోజూ ఆ చేత్తోనే అన్నం పెడుతుంటే తిన్నాడు, వేళ్లకేసి ఒక్కసారీ చూడలేదు.

"ఎన్నాళ్లనుంచి ఇలా ఉన్నావే? చెప్పొచ్చుగా?"

ఆమె రెయిలింగు పట్టుకుని ఆగింది. ఊపిరి అందాక తన తెల్లటి చెయ్యి ఆయన మొహం ముందు పెట్టింది.

"చెప్పడానికేముందండీ? రంగులేస్తే గానీ మన ఇంట్లో గోరు కనబడదని నాకేం తెలుసు?"

 ఆమె మళ్లీ అడుగు వేసేదాకా మాస్టారు పక్కనే నిలబడ్డాడు.