మా వాడి అల్లరి జపాన్ పిల్లలు చేస్తున్నారు

జపాన్ కార్టూన్లను నిషేధించాలని మా ఊళ్లో కొందరు తల్లిదండ్రులు గొంతు చించుకుంటున్నారు. నేను ఒప్పుకోను. నన్నడిగితే ప్రతి జూనియర్ కాలేజీ హాస్టల్లోనూ పొద్దున ఉప్మాతో పాటు వాటిని కూడా వడ్డించాలి!

కార్టూన్ అంటే మా సాదిక్ ఊరుకోడు. అనిమే అనాలట. సాదిక్ మా అబ్బాయి, గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాడు. అక్కడ ఫోన్లు ఉండనివ్వరు కాబట్టి, నెలకోసారి అవుటింగ్‌కి వచ్చినప్పుడు నా ఫోన్ లాక్కుని ఇదే చూస్తాడు. కత్తులూ రాక్షసులూ ఉంటాయేమోనని ఓసారి నేనూ పక్కన కూర్చున్నాను. ఏమీ లేవు. ముగ్గురు మగపిల్లలు బడి అయిపోయాక బస్టాపులో కూర్చున్నారు. ఒకడు గొడుగు మీదెక్కి ఇది గుర్రం అన్నాడు. రెండోవాడు ఆ గుర్రానికి గడ్డి వెతకడానికి వెళ్లాడు. మూడోవాడు నవ్వు ఆపుకోలేక కింద కూలబడ్డాడు. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. ఎపిసోడ్ కూడా అయిపోయింది.

దీనివల్ల దేశానికి ఏమిటి లాభం అంటారా? ఆలోచించండి. ఒకప్పుడు మగపిల్లవాణ్ణి పెంచడమంటే మాటలా? కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద దొర్లి, ఆ చేత్తోనే కళ్లు నులుముకుని వీధి వీధంతా ఏకం చేసేవాడు. పత్తి లోడు ట్రాక్టరెక్కి పక్క ఊళ్లో దిగేవాడు. చొక్కా ఇంటికొచ్చేసరికి దానికి చేతులుండేవి కావు. ఇప్పుడు ఆ బెడదంతా జపాన్ పిల్లలు నెత్తిన వేసుకున్నారు. గొడుగులూ గుర్రాలూ వాళ్లే చూసుకుంటున్నారు. మన వాళ్లు తెల్లారకముందే లేచి హాయిగా ఫిజిక్సు చదువుకుంటున్నారు.

హాస్టల్ వాళ్లను కూడా మెచ్చుకోవాలి. డాబా మీదికి తాళం, కిటికీలకు మెష్. బ్రోషర్లో ఆటస్థలం ఉంది, ప్రస్తుతం అందులో కాలేజీ బస్సులు ఆడుకుంటున్నాయి. మార్టూరులో గ్రానైట్ పలకను పాలిష్ పట్టేటప్పుడు కూడా మధ్య మధ్య నీళ్లు పోస్తారు. మన పిల్లలకు అదీ అక్కర్లేదు. అంత గట్టివాళ్లు!

మొన్న అవుటింగ్‌కి సాదిక్ తన గదిలో ఉండే లక్ష్మీకాంత్‌నీ, బుడాన్‌నీ వెంటబెట్టుకొచ్చాడు. ముగ్గురూ మంచం మీద కూర్చుని ఒకే ఫోనులోకి తొంగి చూస్తున్నారు. చప్పుడే లేదు. ఏమైందా అని చూస్తే నవ్వుతున్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"ఇక్కడ మిమ్మల్ని ఎవురూ ఏమనర్లేరా, గట్టిగానే నవ్వుకోండి" అంది మా ఆవిడ సాజిదా.

"అలవాటైపోయిందమ్మా" అన్నాడు సాదిక్. "గట్టిగా నవ్వితే ఫ్లోర్ ఇన్‌చార్జి వస్తాడు."

ఎంత క్రమశిక్షణ! వాడి నవ్వు చెవిన పడి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు.

అంతలో ఫోను ఛార్జింగ్ అయిపోయింది. కరెంటు కూడా లేదు. ముగ్గురూ నా మొహం చూశారు.

"పోయి ఏదన్నా అల్లరి చేసుకోండిరా" అన్నాను.

"ఏం చెయ్యాలంకుల్?" అన్నాడు లక్ష్మీకాంత్. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

మా బావమరిది పీరు పత్తి ఆ రోజుల్లో మా మధ్య గదిలో ఉంది. రేటు పెరిగాక అమ్ముదామని అటకకు కాస్త కిందిదాకా పోసి ఉంచాడు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, అటకెక్కి దూకమన్నాను. పత్తి పండే ఊళ్లో పుట్టిన కుర్రాడికి ఇంతకన్నా విడమరిచి చెప్పాలా?

చెప్పాలి. ముగ్గురూ అటక వైపు చూశారు.

"ఎత్తు ఎంతుంటుందంకుల్?"

"జీ విలువ పది వేసుకుందాంరా."

"గాలి నిరోధం వదిలేద్దాం."

గుమ్మంలో కూర్చుని లెక్క చేశారు. ఎంతసేపట్లో కింద పడతారో, ఎంత వేగంతో పడతారో తేలింది. "ఆన్సర్ వచ్చేసిందంకుల్" అని లేచి, కరెంటు వచ్చిందేమో చూడ్డానికి బయల్దేరారు. ఒక్కడూ దూకలేదు.

అప్పుడు నాకు మండింది. యాభై దాటినవాణ్ణి, పత్రికలో కాలమ్ రాసే పెద్దమనిషిని, నిచ్చెన వేసుకుని అటకెక్కాను. దూకాను. నేను పత్తిలో మెడదాకా దిగబడ్డాను. లుంగీ మాత్రం అటక మేకుకి తగులుకుని పైనే ఉండిపోయింది.

పిల్లల చేతులు అలవాటుగా నోళ్ల మీదికి వెళ్లాయి. ఆ వెళ్లినవి అక్కడ నిలవలేదు. ముందు బుడాన్ పగలబడ్డాడు, తర్వాత లక్ష్మీకాంత్ గోడకి జారబడ్డాడు. మా సాదిక్ నవ్వుకి చివర చిన్న సకిలింపు ఉంటుంది. చిన్నప్పటినుంచీ అంతే. ఆ సంగతే నేను మర్చిపోయాను. ఆ తర్వాత ఒకడి మీద ఒకడు ఎన్నిసార్లు దూకారో ఎవరూ లెక్క వెయ్యలేదు.

కేకలు విని పీరు వచ్చాడు. "ఏరా, పత్తంతా తొక్కి చెత్త చేస్తన్నారేంట్రా? బావా, నువ్వేంది ఆ వాలకం?"

రెండ్రోజులకి ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. "మీ అబ్బాయీ, ఆ ఇద్దరూ స్టడీ అవర్లో గట్టిగా నవ్వుతున్నారండీ. ఎందుకంటే లుంగీ అంటారు, మళ్లీ మొదలెడతారు. ఇంటిదగ్గర ఏం కార్టూన్లు చూపించారండీ?"

"ఒక్కటేనండీ" అన్నాను. "లోకల్‌ది."

ముగ్గురికీ వచ్చే నెల అవుటింగ్ రద్దు చేశారు.

కాబట్టి మళ్లీ చెబుతున్నాను, జపాన్ కార్టూన్ల జోలికి పోకండి. వాటివల్ల ఏ ప్రమాదమూ లేదు. పిల్లలు చూస్తారు, నోరు మూసుకుని నవ్వుకుంటారు, పుస్తకం తీస్తారు. నిషేధిస్తే అటకల్ని నిషేధించండి, ఇంట్లో ఉండే తండ్రుల్ని నిషేధించండి.

నిన్న పీరు వచ్చి రేటు బాగుంది, పత్తి అమ్మేస్తానన్నాడు. ఇంకో రెండు నెలలు ఆగమన్నాను.

"ఎందుకు బావా, ఇంకా పెరుగుద్దంటావా?"

"పెరుగుద్ది" అన్నాను. పత్తి ధరల గురించి నాకేం తెలుసు? నడుం పట్టేసి ఇంకా వంగలేకపోతున్నాను గానీ, నిచ్చెన మాత్రం అటకకి వేసే ఉంచాను.